యంత్ర పాఠకుడి ముందు గేమ్ ఇంజన్ వివరణపత్రం: మూల్యాంకన ప్రమాణాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

గేమ్ తయారీకి వాడే ఇంజన్లను, ఎడిటర్లను, వాటిలోని ఫంక్షన్లను వివరించే పత్రాలను చాలాకాలం మనుషులే చదివారు. ఇటీవలి సంవత్సరాల్లో కృత్రిమ మేధ ఏజెంట్లు కూడా వాటికి పాఠకులయ్యాయి. పాఠకుడు మారినప్పుడు పత్రం మంచిచెడ్డలను నిర్ణయించే ప్రమాణం కూడా మారుతుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. 1971 నాటి యూనిక్స్ మాన్యువల్ మొదలుకొని 2023లో విడుదలైన గోడో 4.0 ఇంజన్ వరకు కొన్ని ముఖ్య ఘట్టాలు ఇందులో చర్చకు వస్తాయి. పత్రాన్ని అందులోని వాక్యాలను బట్టి కాక, దాన్ని చదివి చేసిన పనిని బట్టి కొలవాలన్న సూత్రం మానవ పాఠకుల కాలంలోనే రుజువైందనీ, యంత్ర పాఠకుడు వచ్చాక ఆ సూత్రాన్ని పక్కన పెట్టడం సాధ్యం కాకుండా పోయిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వివరణపత్రం, గేమ్ ఇంజన్, గోడో, ఏజెంట్, మూల్యాంకనం, వెర్షన్, యూనిక్స్ మాన్యువల్.

1. ఉపోద్ఘాతం:

సాఫ్ట్‌వేర్ రంగంలో 'డాక్యుమెంటేషన్' అని వ్యవహరించే వివరణపత్రం పరికరానికీ దాన్ని వాడేవారికీ మధ్య వారధి. ఒక ఫంక్షన్ ఏ విలువలు తీసుకుంటుంది, ఏమి తిరిగి ఇస్తుంది, ఎక్కడ విఫలమవుతుంది అన్న విషయాలను అది చెప్పాలి. గేమ్ తయారీలో ఈ అవసరం మరింత ఎక్కువ. బొమ్మ, శబ్దం, కదలిక, ఢీకొనడం, ఆటగాడు నొక్కే మీట వంటి భిన్నమైన అంశాలన్నీ ఒకే ఇంజన్‌లో కలిసి పనిచేయాలి. వాటి మధ్య సంబంధాన్ని ఊహించి తెలుసుకోవడం కష్టం.

ఏజెంట్ అంటే ఒక లక్ష్యాన్ని అప్పగిస్తే దాన్ని దశలుగా విడగొట్టుకొని, అందుబాటులో ఉన్న పరికరాలను తానే ఎంచుకొని ప్రయోగించి, ఫలితాన్ని చూసి తర్వాతి అడుగు వేసే ప్రోగ్రామ్. దాని వెనుక పెద్ద భాషా నమూనా ఉంటుంది. అనుభవం గల మనిషి పత్రంలో పొరపాటు ఉంటే పక్కవారిని అడుగుతాడు, పాత అనుభవంతో సరిదిద్దుకుంటాడు, లేదా అనుమానంతో ఆగిపోతాడు. ఏజెంట్ చాలా సందర్భాల్లో ఆగదు. పత్రంలోని ఖాళీని తన శిక్షణలో చూసిన పాఠంతో పూరించి ముందుకు సాగుతుంది. పత్రంలోని లోపాలను పాఠకుడు మౌనంగా సవరించుకునే ఏర్పాటు ఇక్కడ బలహీనపడుతుంది. అందువల్ల పత్రాన్ని మూల్యాంకనం చేయడం ఇప్పుడు స్వతంత్ర పరిశోధనాంశంగా ముందుకు వచ్చింది.

2. యూనిక్స్ మాన్యువల్: దోషాలను చెప్పుకున్న పత్రం:

పరికరాల వివరణపత్రానికి ఒక స్థిరమైన రూపాన్ని ఇచ్చిన వాటిలో యూనిక్స్ మాన్యువల్ ప్రధానమైనది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన దాని తొలి కూర్పుపై 1971 నవంబర్ 3 తేదీ ఉంది. ప్రతి ఆదేశానికీ ఒకే తీరులో శీర్షికలుంటాయి: పేరు, వాడే పద్ధతి, వివరణ, సంబంధిత ఫైళ్లు, చూడవలసిన ఇతర పుటలు. వీటితో పాటు 'దోషాలు' అన్న శీర్షిక, ఆ ప్రోగ్రామ్‌కు బాధ్యులెవరో చెప్పే శీర్షిక కూడా అందులో కనిపిస్తాయి.

ఈ చివరి రెండు శీర్షికలూ గమనించదగినవి. పరికరం ఏమి చేయలేదో దాన్ని తయారుచేసినవారే రాశారు. తప్పు ఎదురైతే ఎవరిని అడగాలో కూడా చెప్పారు. ఈ రూపం వల్ల పాఠకుడు పరికరం సామర్థ్యంతో పాటు దాని హద్దును కూడా తెలుసుకున్నాడు. తర్వాతి కాలంలో వివరణపత్రాలు ఉత్పత్తి ప్రచారంలో భాగమయ్యే కొద్దీ హద్దులు చెప్పే భాగం అనేకచోట్ల కుంచించుకుపోయింది. ఏజెంట్ల విషయంలో మళ్లీ అత్యవసరమైనది సరిగ్గా ఆ భాగమే.

3. గేమ్ రంగం: పత్రం లేని దశ, పత్రం వచ్చిన దశ:

గేమ్ పరికరాలు మొదట్లో అవి తయారైన సంస్థల గోడల మధ్యే ఉండేవి. వాడేవారు పక్క గదిలోనే ఉన్నప్పుడు పత్రం అవసరం అంతగా కలగలేదు. 1993 డిసెంబర్‌లో ఇడ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన 'డూమ్' ఈ స్థితిని మార్చింది. ఆటకు కావలసిన పటాలు, బొమ్మలు, శబ్దాలు ఇంజన్ నుంచి వేరుగా 'వాడ్' అనే ఫైళ్లలో ఉండేవి. ఆ సంస్థ తాను వాడిన ఎడిటర్‌ను ఆటతో పాటు ఇవ్వలేదు. అభిమానులే ఫైళ్ల నిర్మాణాన్ని విడదీసి చూసి, 1994లో తమ సొంత ఎడిటర్లను, అనధికార వివరణపత్రాలను తయారుచేసుకున్నారు. పరికరం తయారీదారు రాయని పత్రాన్ని పాఠకులే రాసుకున్న సందర్భమిది. ఆ పత్రాల ప్రామాణికతకు ఉన్న పరీక్ష ఒక్కటే: దాన్ని అనుసరించి చేసిన పటం ఆటలో తెరుచుకోవాలి.

తర్వాత పరిస్థితి వేగంగా మారింది. 1996లో వచ్చిన 'క్వేక్' తన ఆట నియమాలు రాసే భాషను బయటివారికి అందించింది. 1998లో వచ్చిన 'అన్‌రియల్' ఎడిటర్‌తో సహా వెలువడింది. 2005లో యూనిటీ మొదలైంది. 2015లో అన్‌రియల్ ఇంజన్ 4ను ముందస్తు రుసుము లేకుండా తీసుకునే అవకాశం కలిగింది. ఇంజన్ అందరి చేతికీ రావడంతో దాన్ని తయారుచేసినవారినీ వాడేవారినీ కలిపే ప్రధాన సూత్రం పత్రమే అయింది.

4. మానవ పాఠకుడి కాలంలో మూల్యాంకనం:

పత్రం పనికివస్తుందా లేదా అన్నదాన్ని ప్రయోగపూర్వకంగా పరీక్షించిన ప్రయత్నాలు 1980ల నుంచే ఉన్నాయి. ఐబీఎంలో పనిచేసిన జాన్ కారల్ బృందం వర్డ్ ప్రాసెసర్ నేర్చుకునేవారిని దగ్గరగా గమనించింది. పెద్ద మాన్యువల్‌ను మొదటి నుంచి చివరి వరకు ఎవరూ చదవడం లేదనీ, పని మొదలుపెట్టి చిక్కు వచ్చినచోట మాత్రమే వెతుక్కుంటున్నారనీ తేలింది. చాలా కుదించి, పనుల చుట్టూ అల్లి, తప్పు చేస్తే తిరిగి ఎలా బయటపడాలో చెప్పిన చిన్న మాన్యువల్‌తో నేర్చుకున్నవారు మెరుగైన ఫలితాలు చూపారు. ఈ పరిశోధన సారాన్ని కారల్ 1990లో 'ద న్యూర్న్‌బర్గ్ ఫనల్' గ్రంథంలో వివరించారు.

ప్రోగ్రామర్ల విషయంలో మార్టిన్ రోబిలార్డ్ 2009లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల మధ్య చేసిన అధ్యయనం ముఖ్యమైనది. కొత్త ప్రోగ్రామింగ్ సామగ్రిని నేర్చుకోవడంలో ఎదురయ్యే ప్రధాన అడ్డంకుల్లో వివరణ సామగ్రి లోపమే ముందుంటుందని అది చూపింది. గయాస్ ఉద్దీన్‌తో కలిసి ఆయన 2015లో వెలువరించిన మరో అధ్యయనం పత్రాల్లోని సమస్యలను పది రకాలుగా వర్గీకరించింది. అసంపూర్ణత, అస్పష్టత, కాలం చెల్లిన సమాచారం, ఉదాహరణకు తగిన వివరణ లేకపోవడం వాటిలో కొన్ని.

ఈ రెండు ధారలనూ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పత్రం విలువ పుటల సంఖ్యలో లేదు. పాఠకుడు ఏ పని కోసం దాన్ని తెరిచాడో ఆ పని పూర్తయిందా అన్నదే అసలు కొలత. అయితే అలా కొలవాలంటే మనుషులను కూర్చోబెట్టి గంటల తరబడి గమనించాలి. అది ఖర్చుతో కూడిన పని. అందువల్ల ఆచరణలో తేలికైన లెక్కలే ఎక్కువగా నిలిచాయి.

5. గోడో ఇంజన్: శాతాల లెక్క, 2023 నాటి మార్పు:

తేలికైన లెక్కకు, దాని పరిమితికి గోడో ఇంజన్ చక్కని ఉదాహరణ. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్ రూపొందించిన ఈ ఇంజన్ సోర్స్ కోడ్ 2014 ఫిబ్రవరిలో ఎంఐటీ లైసెన్సుతో బహిరంగమైంది. దీని ఫంక్షన్ల వివరణలు ఇంజన్ సోర్స్ కోడ్‌తో పాటే, తరగతికొక ఎక్స్ఎంఎల్ ఫైలుగా ఉంటాయి. వాటినుంచే ఎడిటర్‌లోని సహాయ పుటలు, వెబ్ పుటలు తయారవుతాయి. ఏ తరగతిలో ఎన్ని అంశాలకు వివరణ ఉందో లెక్కగట్టి శాతాలుగా చూపే చిన్న ప్రోగ్రామ్ కూడా అందులోనే ఉంది. వివరణ లేనిచోట, సహాయం చేయమని పాఠకుడినే కోరే వాక్యం కనిపిస్తుంది. స్వచ్ఛందంగా పనిచేసేవారు ఎక్కువగా ఉన్న సమాజానికి ఈ శాతాల పట్టిక ఎంతో ఉపకరించింది. ఖాళీ ఎక్కడుందో అది చూపగలదు. నిండిన చోట ఉన్నది పనికివచ్చే వాక్యమో కాదో మాత్రం చెప్పలేదు.

2023 మార్చి 1న గోడో 4.0 విడుదలైంది. ఈ మార్పులో మూడు రకాల తేడాలను గుర్తించవచ్చు. మొదటిది పేర్ల మార్పు. పాత 'కైనమాటిక్‌బాడీ2డీ' స్థానంలో 'క్యారెక్టర్‌బాడీ2డీ' వచ్చింది. 'స్పేషియల్' అన్నది 'నోడ్3డీ' అయింది. రెండవది భాషా నిర్మాణంలో మార్పు. జీడీస్క్రిప్ట్‌లో 'యీల్డ్' పోయి 'అవెయిట్' వచ్చింది. 'ఎక్స్‌పోర్ట్' అన్న పదం ముందు '@' గుర్తు తప్పనిసరి అయింది. మూడవది పేరు అలాగే ఉండి వాడుక మారడం. పాత్రను కదిలించే 'మూవ్ అండ్ స్లైడ్' ఫంక్షన్‌కు 3వ వెర్షన్‌లో వేగాన్ని అందించాలి. అది ఢీకొన్న తర్వాత మిగిలిన వేగాన్ని తిరిగి ఇచ్చేది. 4వ వెర్షన్‌లో వేగం ఆ పాత్రకే చెందిన ఒక లక్షణంగా మారింది. ఫంక్షన్ ఇప్పుడు ఢీకొన్నదా లేదా అన్నది మాత్రమే చెబుతుంది.

ఈ మూడవ రకం పాఠకుడిని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. పేరు గుర్తుపట్టగానే అర్థం తెలుసుననే నమ్మకం కలుగుతుంది. గోడో బృందం 3 నుంచి 4కు మారేవారి కోసం ప్రత్యేకంగా ఒక పుట రాసింది. మనిషి ఆ పుటను ఒకసారి చదివి గుర్తుపెట్టుకోగలడు. ఏజెంట్‌కు మాత్రం ప్రతి పనిలోనూ ఆ పుటను ఎవరో అందించాలి, లేదా అదే వెతికి తెచ్చుకోవాలి. 'క్యారెక్టర్‌బాడీ2డీ' పుట ఒక్కటే దాని ముందుంటే పాత పేరు చెల్లదన్న సంగతి దానికి చేరకపోవచ్చు. 2023కు ముందు రాసిన పాఠాలు, ఉదాహరణలు చాలావరకు 3వ వెర్షన్‌కో అంతకు ముందువాటికో చెందినవే. అటువంటి పాఠంతో శిక్షణ పొందిన నమూనా పాత మాటనే ధీమాగా రాయడంలో ఆశ్చర్యం లేదు.

6. యంత్రం పాఠకుడైన క్రమం:

2021లో ఓపెన్ఏఐ కోడెక్స్ నమూనాను, దానితో పాటు 164 చిన్న సమస్యల 'హ్యూమన్ఎవాల్' పరీక్షను ప్రకటించింది. రాసిన కోడ్‌ను నడిపి, ముందే సిద్ధం చేసిన పరీక్షలను దాటిందా లేదా అన్నదే అందులో ప్రమాణం. వాక్యాల పోలిక నుంచి పనితీరు వైపు మూల్యాంకనం మరలిన ముఖ్య ఘట్టమిది. అయితే ఆ సమస్యలకు బయటి పత్రాలు చదవవలసిన అవసరం లేదు.

2023లో దృష్టి పత్రాల వైపు మళ్లింది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ముఖ్యులుగా వెలువడిన 'గొరిల్లా' అధ్యయనం, నమూనాలు లేని ఫంక్షన్లను కల్పించి రాయడాన్ని పరిశీలించింది. అప్పటికప్పుడు పత్రాన్ని వెతికి అందిస్తే మారిన వివరాలకు అనుగుణంగా నమూనా సర్దుకోగలదని చూపింది. అదే ఏడాది చెంగ్-యు షే బృందం మరో ప్రశ్న వేసింది: ఉదాహరణలు చూపకుండా వివరణపత్రం మాత్రమే ఇస్తే నమూనా పరికరాన్ని వాడగలదా? తాము పరిశీలించిన పనుల్లో పత్రం ఒక్కటే ఉదాహరణలకు దీటుగా నిలిచిందని వారు తేల్చారు. నెల్సన్ లియు తదితరుల అధ్యయనం దీనికి ఒక హెచ్చరికను జోడించింది. పొడవైన పాఠంలో మొదటా చివరా ఉన్న సమాచారాన్ని వాడుకున్నంత బాగా మధ్యలో ఉన్నదాన్ని నమూనాలు వాడుకోలేకపోతున్నాయని అది చూపింది. పత్రం ఇవ్వడం మేలు. ఉన్నదంతా కుమ్మరించడం మేలు కాదు.

2024 సెప్టెంబర్‌లో జెరెమీ హోవర్డ్ వెబ్‌సైట్లలో భాషా నమూనాల కోసం ప్రత్యేక పాఠ్య ఫైలు ఉంచాలని ప్రతిపాదించారు. అదే ఏడాది నవంబర్‌లో ఆంత్రోపిక్ 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' ప్రకటించింది. ఈ పద్ధతిలో ప్రతి పరికరమూ తన పేరును, వివరణను, తీసుకునే విలువల పట్టికను ఏజెంట్‌కు అందిస్తుంది. ఇక్కడ వివరణపత్రం స్థానమే మారిపోయింది. పరికరం పక్కన ఉండే పుస్తకం కాస్తా పరికరాన్ని ఎంచుకునే నిర్ణయంలో భాగమైంది. వివరణలో ఒక్క మాట తేడా వస్తే ఏజెంట్ మరో పరికరాన్ని ఎంచుకోవచ్చు.

7. మూల్యాంకన పద్ధతి, దాని హద్దులు:

పై చరిత్ర ఆధారంగా గేమ్ ఇంజన్ పత్రాన్ని పరీక్షించే పద్ధతిని ఇలా రూపొందించవచ్చు. ముందుగా కొన్ని నిర్దిష్టమైన పనులు ఎంచుకోవాలి: పాత్రను నడిపించడం, నాణేన్ని తాకితే లెక్క పెరగడం, తలుపు తెరవడం వంటివి. ఒకే ఏజెంట్‌కు ఒకే పనిని మూడు స్థితుల్లో అప్పగించాలి: పత్రం లేకుండా, పాత వెర్షన్ పత్రంతో, ప్రస్తుత పత్రంతో. ఒకే ప్రశ్నకు నమూనా ప్రతిసారీ ఒకే జవాబు ఇవ్వదు కనుక ప్రతి స్థితినీ పలుమార్లు నడపాలి. పత్రం లేకుండానే పని పూర్తయితే ఆ విజయం పత్రానికి చెందదు. అది శిక్షణలో చూసిన పాఠం కావచ్చు. కాబట్టి మొత్తం మార్కుల కన్నా స్థితుల మధ్య తేడాయే పత్రం విలువను చెబుతుంది. చివరిగా, ప్రతి వైఫల్యాన్నీ పత్రంలోని ఏ వాక్యం వల్ల, లేదా ఏ వాక్యం లేకపోవడం వల్ల కలిగిందో గుర్తించాలి. మూల్యాంకనం మార్కుతో ఆగకుండా సవరణకు దారితీసేది ఈ దశలోనే.

గోడో 4ను తెర లేకుండా నడిపే వీలుంది. దృశ్యాల ఫైళ్లు కూడా పాఠ్యరూపంలోనే ఉంటాయి. అందువల్ల ఈ పరీక్షను స్వయంచాలకంగా నడపడం సాధ్యం. అన్‌రియల్‌లోని బ్లూప్రింట్లు బైనరీ ఫైళ్లలో ఉంటాయి కనుక అక్కడ ఎడిటర్ మధ్యవర్తిత్వం లేకుండా ఇది కష్టం.

అయినా నడవడం వేరు, సరిగా ఆడడం వేరు. గోడోలో ఒక పాత్రకు ఢీకొనే ఆకారాన్ని జతచేయకపోతే ఎడిటర్‌లో పసుపుపచ్చని హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది. ఆట మాత్రం నడుస్తుంది. పాత్ర గోడలోంచి దూసుకుపోతుంది. ఎడిటర్‌ను చూడకుండా ఫైళ్లు మాత్రమే రాసే ఏజెంట్‌కు ఆ హెచ్చరిక కనిపించదు. మనిషికి కంటితో అందే సమాచారాన్ని పత్రం మాటల్లో చెప్పిందా అన్నది ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది. లేనిదాన్ని లేదని చెప్పడమూ అంతే అవసరం. జీడీస్క్రిప్ట్ చూడడానికి పైథాన్‌ను పోలి ఉంటుంది. కానీ పైథాన్‌లోలా 'ట్రై', 'ఎక్సెప్ట్' అన్న నిర్మాణం అందులో లేదు. పోలికను చెప్పి తేడాను చెప్పని పత్రం యంత్రాన్నీ కొత్త విద్యార్థినీ ఒకేలా తప్పుదారి పట్టిస్తుంది. దూకడంలోని హాయి, ఆటలోని బిగువు వంటివి మాత్రం ఏ స్వయంచాలక పరీక్షకూ అందవు. వాటికి ఆడేవారి తీర్పే ప్రమాణం.

వ్యాఖ్యానానికి హద్దు నిర్ణయించుకోవడం తెలుగువారికి కొత్త కాదు. నేటి మెదక్ ప్రాంతంలోని కొల్చారానికి చెందిన కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ తన వ్యాఖ్యానాలకు నియమం పెట్టుకున్నాడు. మొదటి షరతు కల్పనను అడ్డుకుంటుంది. రెండవది విస్తరణను అడ్డుకుంటుంది. ఏజెంట్‌కు ఇచ్చే పత్రంలో పరిశోధకులు ఇవాళ వెతుకుతున్న గుణాలు కూడా ఇవే. అయితే కావ్యమూలం స్థిరమైనది, ఇంజన్ మూలం మారుతూ ఉండేది. కాబట్టి ఇక్కడ మూడో షరతు ఒకటి చేరాలి: ఏ మూలానికి, ఏ వెర్షన్‌కు రాసిన వ్యాఖ్యో ప్రతి పుటా చెప్పాలి.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• పనిని బట్టి పత్రాన్ని కొలవాలన్న సూత్రం కారల్ ప్రయోగాల నాటికే రుజువైంది. మనుషులతో పరీక్షించడం ఖరీదు కావడం వల్ల అది వెనకబడింది. ఏజెంట్లతో ఆ పరీక్షను తక్కువ శ్రమతో పదే పదే జరపవచ్చు.

• నిండిన పుటల శాతం ఖాళీని చూపుతుంది, నాణ్యతను చూపదు. పత్రం ఉన్నప్పటికీ లేనప్పటికీ ఫలితంలో వచ్చే తేడాయే నమ్మదగిన కొలత.

• అదృశ్యమైన పాత పేరు కన్నా, పేరు నిలిచి అర్థం మారిన ఫంక్షన్ ఎక్కువ ప్రమాదకరం. అటువంటి చోట పాత వాడుక చెల్లదని అదే పుటలో చెప్పాలి.

• పరికరం చేయలేని పనిని, కంటికి మాత్రమే కనిపించే హెచ్చరికను మాటల్లో రాయాలి. 1971 నాటి 'దోషాలు' శీర్షికకు నేటి ప్రయోజనం ఇదే.

యంత్రానికి మేలు చేసే ఈ సవరణలు చాలావరకు విద్యార్థికీ మేలు చేస్తాయి. వేరుపడే చోటు ఒకటుంది. ఏజెంట్‌కు ఎలా చేయాలో చెబితే చాలావరకు పని జరుగుతుంది. విద్యార్థికి అలా ఎందుకు చేయాలో కూడా తెలియాలి. యంత్రం మార్కులు పెంచడమే లక్ష్యమైతే మొదట కోతపడేది ఆ 'ఎందుకు' చెప్పే పేరా. ఏజెంట్ రాసిన కోడ్‌లోని తప్పును రేపు గుర్తించవలసింది ఆ పేరా చదివి నేర్చుకున్న మనిషే. అందువల్ల వివరణపత్రాన్ని ఏజెంట్‌తో పరీక్షించిన ప్రతిసారీ, కొత్తగా నేర్చుకునే ఒక మనిషితో కూడా పరీక్షించడం మూల్యాంకనంలో విడదీయరాని భాగం కావాలి.